లెక్కలోకి రాని ప్రాణాలు

అవయవ మార్పిడి కేంద్రాలకు అమెరికా ఏళ్ల తరబడి బహిరంగంగా మార్కులు వేస్తోంది. ఆ మార్కులు కొందరి ప్రాణాలు కాపాడాయి. కొందరిని ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా కూడా రానివ్వలేదు. ఏ మార్కులూ బయటికి రాని మన దగ్గర ఆ అనుభవాన్ని ఎలా చదువుకోవాలి?

2018 సెప్టెంబరులో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూవార్క్ బెత్ ఇజ్రాయెల్ మెడికల్ సెంటర్‌లో ఒకాయనకు గుండె మార్చారు. ఆపరేషన్ సమయంలో మెదడు దెబ్బతింది. కొత్త గుండె కొట్టుకుంటోంది గానీ మనిషి మళ్లీ తెలివిలోకి రాలేదు. వారాలు నెలలయ్యాయి. ఆ విభాగం డాక్టర్లు, సిబ్బంది తమలో తాము మాట్లాడుకున్న మాటల రికార్డింగులు ప్రోపబ్లికా అనే పరిశోధక వార్తాసంస్థ చేతికి వచ్చాయి. 2019 అక్టోబరులో కథనం వెలువడింది. ఆ మాటల సారం ఇది: ఆయన కోలుకుంటాడన్న నమ్మకం వాళ్లకు లేదు. అయినా కనీసం జూన్ 30 దాకా, వీలైతే ఏడాది నిండేదాకా ప్రాణం నిలబెట్టాలి. ఇక చికిత్స ఆపి బాధ లేకుండా సాగనంపే దారి కూడా ఒకటుందని ఇంటివాళ్ల దగ్గర ఎత్తకూడదు.

ఇదంతా ఒక శాతం కోసం. గుండె మార్చినవాళ్లలో ఏడాది తర్వాత నూటికి ఎంతమంది బతికి ఉన్నారన్న అంకె అది. ఆ కేంద్రంలో అది జాతీయ సగటు కిందికి జారింది. ఇంకొక మరణం నమోదైతే ప్రభుత్వ తనిఖీ తప్పదని, మార్పిడులే ఆపేయాల్సి వస్తుందని భయం. ఏడాది దాటాక ఆ మనిషి ఏమైనా ఆ అంకెకు సంబంధం లేదు.

చదవగానే ఆ డాక్టర్ల మీద కోపం వస్తుంది. రావాల్సిందే. కానీ అక్కడితో ఆగితే అసలు విషయం చేజారిపోతుంది. ఆ అంకెను కనిపెట్టింది రోగుల మేలు కోరినవాళ్లు. రోగి మంచం పక్కన అది అంత పెద్ద పీట వేసుకుని ఎలా కూర్చుందో చూడాలి.

నలుగురి తేడా

1984లో అమెరికా పార్లమెంటు జాతీయ అవయవ మార్పిడి చట్టం చేసింది. అవయవాల అమ్మకాన్ని నిషేధించింది. దేశమంతటికీ ఒకే పంపిణీ వ్యవస్థ, ఒకే రిజిస్ట్రీ ఉండాలంది. దాత ఇచ్చిన గుండె, కిడ్నీ ఏ ఒక్క ఆస్పత్రి సొత్తూ కాదు, ప్రజలందరిదీ. కనుక దాన్ని ఏ ఆస్పత్రి ఎలా వాడిందో ప్రజలకు తెలియాలి. ఆ పని చూసే రిజిస్ట్రీ పేరు ఎస్‌ఆర్‌టీఆర్. దేశంలోని ప్రతి మార్పిడి కేంద్రం మీదా ఆరు నెలలకోసారి నివేదిక ఇస్తుంది. ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

ఆ నివేదిక నడిచే తీరు కాస్త దగ్గరగా చూద్దాం. రెండున్నరేళ్ల వ్యవధిలో ఆ కేంద్రం చేసిన మార్పిడులన్నీ తీసుకుంటారు. ఒక్కో రోగి వయసు, షుగర్, ఎన్నేళ్లు డయాలసిస్ మీద ఉన్నారు, దాత వయసెంత, అవయవం ఎన్ని గంటలు మంచులో ఉంది వంటివన్నీ లెక్కగట్టి, 'ఇలాంటి రోగులకు దేశంలో సగటు కేంద్రం ఆపరేషన్ చేసి ఉంటే ఎంతమంది పోయేవారు' అని అంచనా వేస్తారు. పక్కనే నిజంగా ఎంతమంది పోయారో వేస్తారు. ఉదాహరణకు ఒక కేంద్రం వంద కిడ్నీలు మార్చింది, అంచనా మూడు మరణాలు అనుకుందాం. నిజానికి ఏడుగురు పోయారు. 2007లో సీఎంఎస్ అనే సంస్థ పెట్టిన నిబంధన ప్రకారం ఆ కేంద్రం పేరు పక్కన ఎర్రగుర్తు పడినట్లే. మరణాలు అంచనాకు ఒకటిన్నర రెట్లు దాటాలి, తేడా మూడుకు మించాలి, అది కేవలం కాకతాళీయం కాదని గణాంకాలు చెప్పాలి. ఈ ఉదాహరణలో మూడూ కుదిరాయి. ఆరుగురే పోయి ఉంటే కుదిరేవి కావు.

సీఎంఎస్ అంటే అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌ను నడిపే సంస్థ. 1972 చట్టంతో కిడ్నీలు పూర్తిగా పాడైనవారిలో దాదాపు అందరికీ, వయసుతో నిమిత్తం లేకుండా, మెడికేర్ వర్తిస్తోంది. మెడికేర్ గుర్తింపు పోయిన కిడ్నీ కేంద్రం తలుపులు మూసుకున్నట్లే. అంటే రెండున్నరేళ్లలో నలుగురి తేడా ఒక విభాగం బతుకును తేల్చేసేది. అక్కడి సర్జన్‌కు తన జాబితాలోని ప్రతి పేరు పక్కనా ఆ నలుగురు కనిపించేవారు.

మందు ఒకచోట, జబ్బు ఒకచోట

ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసేది 2007 నిబంధన పుట్టిన సందర్భం. అంతకు రెండేళ్ల ముందు, 2005 నవంబరులో, కాలిఫోర్నియాలోని యూసీ అర్వైన్ మెడికల్ సెంటర్ లివర్ మార్పిడి విభాగం గురించి లాస్ ఏంజిలెస్ టైమ్స్ ఒక నిజం బయటపెట్టింది. అక్కడ పూర్తికాలం సర్జన్ లేడు. తమ రోగుల కోసం వచ్చిన లివర్లను ఆస్పత్రి వద్దంటూ వచ్చింది. రెండేళ్లలో 30 మందికి పైగా రోగులు ఎదురుచూస్తూ చనిపోయారు. వార్త వచ్చిన రోజే విభాగం మూతపడింది. మరుసటి ఏడాది అదే పత్రిక శాన్‌ఫ్రాన్సిస్కోలోని కైజర్ కిడ్నీ కేంద్రాన్ని బయటపెట్టింది. బీమా సంస్థ తన రోగులను మంచి అనుభవమున్న ఆస్పత్రుల నుంచి తప్పించి తన సొంత కొత్త కేంద్రానికి మార్చింది. కాగితాలు కదల్లేదు. 2005లో అక్కడ 56 మందికి కిడ్నీలు మార్చారు. జాబితాలో ఉండగా పోయినవాళ్లు అంతకు రెట్టింపు.

ఈ రెండు చోట్లా జరిగిన ఘోరం ఆపరేషన్ బల్ల మీద కాదు. ఆపరేషన్ దాకా రాకపోవడమే ఘోరం. దేశం అట్టుడికింది, పార్లమెంటు సభ్యులు ప్రశ్నించారు, ప్రభుత్వం కదిలింది. తీరా కొత్త నిబంధనల్లో పదునైన కత్తి దేని మీద పెట్టారు? ఆపరేషన్ అయినవాళ్లలో ఏడాది తర్వాత ఎంతమంది బతికారన్న దాని మీద. జాబితా నిర్వహణ గురించి కొన్ని షరతులు ఉన్నాయి గానీ గుర్తింపును గడగడలాడించింది మాత్రం మనుగడ శాతమే. ఎదురుచూస్తూ పోయినవాళ్ల పేరు మీద వచ్చిన నిబంధన, ఎదురుచూసేవాళ్లను లెక్కపెట్టడం మర్చిపోయింది.

కారణం ఊహించగలం. ఆపరేషన్ తేదీ ఉంటుంది, మరణం తేదీ ఉంటుంది, మధ్యలో రోజులు లెక్కపెట్టవచ్చు. ఎప్పుడూ జరగని ఆపరేషన్‌కు తేదీ ఎక్కడిది?

అర్ధరాత్రి కబురు

ఆ నిబంధన నడిచిన రోజుల్లో ఒక సాధారణమైన రాత్రి ఎలా ఉండేదో చూడండి. రెండు దాటింది. మార్పిడి కో-ఆర్డినేటర్ ఫోన్ మోగుతుంది. ఎక్కడో మూడు రాష్ట్రాల అవతల ఒకరు బ్రెయిన్ డెడ్ అయ్యారు, కిడ్నీ ఉంది. దాత వయసు 62. బీపీ చరిత్ర ఉంది. క్రియాటినిన్ 1.8. బయాప్సీలో కొన్ని వడపోత గుత్తులు గట్టిపడి ఉన్నాయి. కిడ్నీ నాణ్యతకు అక్కడ సున్నా నుంచి వంద దాకా ఒక స్కోరు ఇస్తారు, ఎంత ఎక్కువైతే అంత నాసిరకం. ఈ కిడ్నీది 88. విమానంలో వచ్చేసరికి ఇరవై గంటలు మంచులో ఉన్నట్లవుతుంది. ఇటువైపు రోగికి 66 ఏళ్లు, షుగర్, ఐదేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. కో-ఆర్డినేటర్ సర్జన్‌ను నిద్ర లేపుతుంది. జవాబుకు ఉన్న సమయం నిమిషాల్లోనే.

ఆ కిడ్నీ పెట్టించుకుంటే ఈ రోగి డయాలసిస్ మీద కంటే ఎక్కువ కాలం బతికే అవకాశం ఉందని చెప్పే అధ్యయనాలు చాలానే ఉన్నాయి. ముఖ్యంగా వయసు మళ్లినవారికి. కానీ పెట్టి, ఆరు నెలల్లో పాడైతే అది కేంద్రం ఖాతాలో పడుతుంది. వద్దంటే ఏమవుతుంది? రోగి మళ్లీ డయాలసిస్ కుర్చీలో కూర్చుంటాడు. రెండేళ్లకు చనిపోతే అది ఆ లెక్కలో ఎవరి ఖాతాలోనూ పడదు. 'వద్దులెండి' అని ఫోన్ పెట్టేయడానికి సర్జన్ చెడ్డవాడు కానక్కర్లేదు.

రోగి? ఆయన నిద్రపోతూ ఉంటాడు. తన కోసం కబురు వచ్చిందనీ, తన తరఫున వద్దన్నారనీ ఆయనకు తెలియజేసే పద్ధతి అక్కడ ఏళ్ల తరబడి లేదు. 2008 నుంచి 2015 వరకు కిడ్నీ జాబితాలో ఉన్నవారి రికార్డులను పరిశీలించి 2019లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. కిడ్నీ అందకుండానే చనిపోయినవారిలో చాలామందికి ఒకటి రెండు కాదు, పదికి పైగా కబుర్లు వచ్చాయి. ప్రతిసారీ వాళ్ల తరఫున ఎవరో వద్దన్నారు. ఆ కిడ్నీలు తర్వాత ఇంకొకరికి అమిరి పనిచేశాయి కూడా.

మన ఊళ్లలో పదో తరగతిలో నూరు శాతం ఉత్తీర్ణత బోర్డు పెట్టుకునే బడి గురించి అందరికీ తెలుసు. డిసెంబరులోనే ఇద్దరు ముగ్గురు వెనకబడ్డ పిల్లల్ని పిలిచి 'నువ్వు ప్రైవేటుగా కట్టుకో' అంటారు. బోర్డు అబద్ధం చెప్పదు. పరీక్ష రాసినవాళ్లంతా పాసయ్యారు.

అమెరికాలో 2007 తర్వాత సరిగ్గా ఇదే కనిపించింది. ఫలితాలు బాగాలేవని గుర్తు పడిన కిడ్నీ కేంద్రాల్లో ఆ తర్వాత మార్పిడుల సంఖ్య పడిపోయింది. అదే కాలంలో మిగతా కేంద్రాల్లో పెరిగింది. లివర్ జాబితాలో 'మార్పిడికి తట్టుకోలేనంత జబ్బు' అన్న కారణంతో తీసేసిన పేర్లు నిబంధనకు ముందుకంటే తర్వాత పెరిగాయని 2016లో వచ్చిన అధ్యయనం చూపింది. ఇంత చేసినా ఆపరేషన్ తర్వాత ఏడాదిలో చనిపోయేవారి శాతం ఆ నిబంధన వల్ల తగ్గలేదని అదే అధ్యయనం తేల్చింది. ఎవరి కోసం చేసినట్లు ఇదంతా?

ఎస్‌ఆర్‌టీఆర్ నిపుణుల జవాబు ఒకటుంది, అది వినాలి. రోగి ఎంత జబ్బు మనిషో, అవయవం ఎంత నాసిరకమో ముందే లెక్కలో సర్దుబాటు చేస్తున్నాం, కాబట్టి కష్టమైన కేసు తీసుకున్నందుకు శిక్ష పడదు, ఈ భయం అనవసరం అంటారు. చాలామేరకు నిజమే. కానీ రోగి ఒంట్లో ఎంత సత్తువ మిగిలింది, ఇంట్లో మందులు వేళకు ఇచ్చేవాళ్లున్నారా, గుండె రక్తనాళాలు ఏ మేరకు పూడిపోయాయి వంటివి ఆ పట్టికలో సరిగా దొరకవు. మంచం పక్కన నిలబడ్డ డాక్టరుకు కనిపించేవి అవే. పైగా రాత్రి రెండింటికి ఎవరూ గణాంక సూత్రం గుర్తుచేసుకోరు. గుర్తొచ్చేది ఆ నలుగురే.

ఫ్రాన్స్‌తో పోల్చి 2019లో వచ్చిన ఒక లెక్క చూస్తే మనసు పాడవుతుంది. 2004 నుంచి 2014 వరకు అమెరికాలో దాతల నుంచి తీసిన 1,56,089 కిడ్నీల్లో 27,987 ఎవరికీ పెట్టకుండా పారేశారు. నూటికి దాదాపు 18. ఫ్రాన్స్‌లో నూటికి 9. ఫ్రాన్స్‌లో దాతల సగటు వయసు దాదాపు 51, అమెరికాలో 36 చిల్లర. అంటే ఫ్రాన్స్ డాక్టర్లు పెద్ద వయసు దాతల కిడ్నీలు ధైర్యంగా వాడుతున్నారు. ఫ్రాన్స్ పద్ధతిలో నిర్ణయం తీసుకుని ఉంటే అమెరికా పారేసిన వాటిలో 17,435 కిడ్నీలు ఎవరో ఒకరి ఒంట్లో పనిచేసేవని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. దీనికి మార్కులొక్కటే కారణం కాదు. బయాప్సీ మీద అతి నమ్మకం, పంపిణీలో ఆలస్యం, వారాంతంలో సిబ్బంది కొరత అన్నీ ఉన్నాయి. కానీ మార్కుల భయం వాటిలో ఒకటని అక్కడి సర్జన్లే బాహాటంగా రాశారు. ఇటీవలి ఏళ్లలో ఈ వృథా నూటికి 25 కూడా దాటింది. ఆ దేశంలో జాబితాలో ఉన్నవాళ్లు లక్షకు పైనే. ప్రతి కిడ్నీ వెనకా, అయినవాళ్లను పోగొట్టుకున్న దుఃఖంలో కూడా సరే అని సంతకం పెట్టిన కుటుంబం ఒకటుంది.

అలాగని దాచేయాలా?

ఇంత చదివాక 'అసలు ఈ మార్కులే వద్దు' అనిపిస్తుంది. హ్యూస్టన్‌లో జరిగింది చూస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటాం. తెలుగువాళ్లు వేలల్లో ఉండే నగరం అది. అక్కడి సెయింట్ లూక్స్ ఆస్పత్రిలోనే 1968లో డెంటన్ కూలీ అమెరికాలో మొట్టమొదటిసారి విజయవంతంగా గుండె మార్చారు. యాభై ఏళ్లు ఆ పేరు మీద రోగులు వచ్చారు. కానీ లోపల ఫలితాలు దిగజారుతూ వచ్చాయి. గోడ మీద ఉన్న పేరు ఆ సంగతి చెప్పదు. అంకెలు చెప్పాయి. ప్రోపబ్లికా, హ్యూస్టన్ క్రానికల్ కలిసి ఆ అంకెల వెంట పడ్డాయి. 2018 ఆగస్టులో సీఎంఎస్ ఆ కేంద్రం గుండె మార్పిడులకు మెడికేర్ డబ్బు ఆపేసింది. రిజిస్ట్రీ లేకపోతే ఆ పాత పేరు ఇంకో పదేళ్లు రోగుల్ని పిలుస్తూనే ఉండేది.

గుండె బైపాస్ ఆపరేషన్ల విషయంలోనూ ఇలాంటి రెండు ముఖాలే కనిపించాయి. న్యూయార్క్ రాష్ట్రం 1990లో ఆస్పత్రులవారీగా మరణాల శాతం ప్రకటించింది. మరుసటి ఏడాది న్యూస్‌డే పత్రిక కోర్టుకెక్కి సర్జన్లవారీ వివరాలు కూడా సాధించింది. మరణాలు గణనీయంగా తగ్గాయి. నాసిరకం సర్జన్లు కొందరు తప్పుకున్నారు. పదేళ్ల తర్వాత ఆర్థికవేత్తలు తవ్వి చూస్తే, బాగా జబ్బుపడ్డ రోగుల పరిస్థితి మాత్రం ఆ ప్రకటనల తర్వాత అధ్వానమైందని తేలింది. సర్జన్లు కేసులు ఏరుకోవడం మొదలుపెట్టారు.

కాబట్టి లెక్క చెప్పాలా వద్దా అన్నది ఎప్పుడో తేలిపోయిన ప్రశ్న. చెప్పాలి. ఎక్కడి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాలన్నదే అసలు గొడవ. నా మట్టుకు నేను ఒకటే అంటాను: ఆపరేషన్ రోజు నుంచి కాదు, రోగి పేరు జాబితాలోకి ఎక్కిన రోజు నుంచి.

రోగికి ఏ గడి ముఖ్యం?

2016 డిసెంబరులో ఎస్‌ఆర్‌టీఆర్ తన వెబ్‌సైట్‌లో కేంద్రాలకు ఒకటి నుంచి ఐదు దాకా అంచెలు పెట్టింది. మనం ఫోన్లో హోటల్‌కు స్టార్లు చూసుకున్నట్లే చూసుకోవచ్చు. సర్జన్ల సంఘాలు మండిపడ్డాయి. రెండు కేంద్రాల మధ్య తేడా నిజానికి నూటికి ఒకటో రెండో ఉంటే దాన్ని ఐదు మెట్లుగా చూపితే రోగి హడలిపోతాడన్నారు. కొన్ని నెలలు దాన్ని ప్రధాన సైటు నుంచి పక్కకు జరిపారు. మళ్లీ తెచ్చినప్పుడు మూడు గడులు పెట్టారు: జాబితాలో ఉండగా ఎంతమంది బతుకుతున్నారు, దాత అవయవం ఎంత త్వరగా దొరుకుతోంది, పెట్టిన అవయవం ఏడాది తర్వాత ఎంతమందిలో పనిచేస్తోంది.

ఈ మూడింటిలో రోగి బతుకును ఎక్కువగా తేల్చేది ఏదో ఎస్‌ఆర్‌టీఆర్ పరిశోధకులే పరిశీలించారు. మనమంతా మూడోదే అనుకుంటాం. జవాబు రెండోది. ఏ కేంద్రంలో త్వరగా అవయవం దొరుకుతుందో అక్కడ పేరు రాయించుకున్నవాళ్లు ఎక్కువమంది బతుకుతున్నారు. కిడ్నీ విషయంలో 2014లో వచ్చిన ఇంకో అధ్యయనం ఇంకా ముందుకెళ్లి, తక్కువ మార్కులు వచ్చిన కేంద్రంలో మార్పిడి చేయించుకున్నవాళ్లు కూడా డయాలసిస్ మీద ఎదురుచూస్తూ ఉన్నవాళ్ల కంటే ఎక్కువ కాలం బతికారని చూపింది. ఇన్నాళ్లూ ప్రభుత్వం, పత్రికలు, ఆస్పత్రుల ప్రకటనలు అందరూ వేలుపెట్టి చూపిన గడి రోగికి అంత ముఖ్యమైనది కాదన్నమాట.

అయితే త్వరగా దొరికే చోటికి అందరూ వెళ్లగలరా? కాలిఫోర్నియాలో ఉండే స్టీవ్ జాబ్స్ 2009లో లివర్ మార్పిడి చేయించుకున్నది టెనెస్సీ రాష్ట్రం మెంఫిస్‌లో. అక్కడ ఎదురుచూపు తక్కువ. ఒకటికి మించి కేంద్రాల్లో పేరు రాయించుకోవడం చట్టబద్ధమే. కబురు వచ్చిన కొద్ది గంటల్లో వాలగలిగే స్తోమత ఉండాలి, అంతే. మిగతావాళ్లకు బీమా ఎక్కడ చెల్లితే అదే కేంద్రం. కిడ్నీ కేంద్రాల నివేదికలు వచ్చాక రోగుల ఎంపికలు మారాయా అని 2006లో చూస్తే పెద్దగా మారలేదని తేలింది. అందుకే రోగి చూసుకుని ఎంచుకుంటాడులే అని ఊరుకోవడం సరిపోదు. లెక్క సరిగా ఉంటే కేంద్రమే మారాలి.

కొరడా చేతులు మారింది

ఆ లెక్క మారుతోంది కూడా. 2019 సెప్టెంబరులో, న్యూవార్క్ కథనం బయటికి రావడానికి కొద్ది రోజుల ముందే, గుర్తింపు కొనసాగింపునకు మనుగడ శాతాన్ని షరతుగా చూడటం సీఎంఎస్ ఆపేసింది. ఈ షరతు వల్ల కేంద్రాలు కష్టమైన రోగులకు దూరమవుతున్నాయని తానే ఒప్పుకుంది. 2021 డిసెంబరులో జాతీయ పంపిణీ వ్యవస్థ కొత్త కొలతలు ఆమోదించింది. తొలి 90 రోజుల ఫలితం, ఆ తర్వాత ఏడాది దాకా ఫలితం ఉంటాయి. వాటితోపాటు జాబితాలో ఉండగా జరిగే మరణాలు, వచ్చిన అవయవాల్లో ఎన్నింటికి సరేనన్నారన్నదీ లెక్కలోకి వచ్చాయి. అర్ధరాత్రి 'వద్దులెండి' అన్న మాటకు మొదటిసారి ఒక గడి దొరికింది.

2025 జులై 1 నుంచి 103 కిడ్నీ కేంద్రాలను లాటరీ పద్ధతిలో ఎంచి ఆరేళ్ల ప్రయోగం మొదలుపెట్టారు. అందులో నూటికి 60 మార్కులు ఎన్ని మార్పిడులు చేశారన్న దానికి. 20 వచ్చిన కిడ్నీల్లో ఎన్ని తీసుకున్నారన్న దానికి. ఫలితాలకు 20. మార్కులు బాగుంటే ఒక్కో మెడికేర్ మార్పిడికి 15,000 డాలర్ల దాకా అదనం, లేకపోతే 2,000 డాలర్ల దాకా కోత.

దీన్ని చూసి నేను సంతోషించాను, అదే సమయంలో గుండెలో బితుకు కూడా ఉంది. ఎందుకంటే దాతల నుంచి అవయవాలు సేకరించే సంస్థలకు కూడా 2020 చివర్లో ఇలాగే అంచెలు ప్రకటించారు. అట్టడుగు అంచెలో ఉంటే 2026లో గుర్తింపు రద్దు. సేకరణలు పెరిగాయి. కానీ 2025లో రెండు విషయాలు బయటికి వచ్చాయి. అవయవం పాడవకముందే ఎవరో ఒకరికి చేర్చాలన్న హడావుడిలో, 2024లో దాతల అవయవాల్లో దాదాపు ఐదో వంతు పంపిణీ జాబితా క్రమాన్ని దాటేసి జరిగిందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఇంకోవైపు కెంటకీలో, ఇంకా స్పృహ జాడలున్న మనుషుల విషయంలో కూడా సేకరణకు తొందరపడ్డారని ప్రభుత్వ విచారణే తప్పుపట్టింది. అంచెల ఒత్తిడి ఇందులో ఎంత అన్న వాదన నడుస్తోంది. అసలు లేదని మాత్రం ఎవరూ అనలేరు. అంకెల వెనకాలే మనుషులు తనిఖీకి వెళ్లకపోతే ఏ లెక్కయినా ఇలాగే పక్కదారి పడుతుంది.

మన జాబితాలు

ఇప్పుడు ఇంటికి వద్దాం. దేశంలో 2013లో 4,990 అవయవ మార్పిడులు జరిగితే 2023లో 18,378 జరిగాయి. ఆ ఏడాదే మొదటిసారి మరణానంతర దాతలు వెయ్యి దాటారు. వాళ్లలో 252 మంది తెలంగాణవాళ్లు, దేశంలోనే మొదటి స్థానం. 2013లో నిమ్స్ కేంద్రంగా అవయవదాన పథకం జీవన్‌దాన్ మొదలైనప్పుడు ఇంత దూరం వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌కు విభజన తర్వాత వేరే జీవన్‌దాన్ ఉంది. కన్నీళ్లతో సంతకం పెట్టిన కుటుంబాలకు, రాత్రంతా వాళ్ల పక్కన కూర్చున్న కో-ఆర్డినేటర్లకు దండం పెట్టాలి.

కానీ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య నుంచి డయాలసిస్‌కు బయల్దేరే మనిషి, ఏ ఆస్పత్రిలో పేరు రాయించుకోవాలో ఎలా తేల్చుకుంటాడు? బంధువుల మాట, ఊళ్లో ఆర్‌ఎంపీ మాట, దారిలో హోర్డింగు. ఫలానా చోట వంద లివర్ మార్పిడులు విజయవంతం అని రాసి ఉంటుంది. ఆ విజయం డిశ్చార్జి రోజుదా, ఏడాది తర్వాతదా? ఆ వందమంది కోసం ఎంతమంది జాబితాలో వేచి ఉన్నారు, ఎంతమంది పోయారు? ఎన్ని దానాలు, ఎన్ని అవయవాలు అన్న లెక్కలు మనకు దొరుకుతాయి. కేంద్రాలవారీగా ఎంతమంది బతికారు, ఎంతమంది వేచి ఉండగా పోయారు, ఎన్ని అవయవాలు వద్దన్నారు అని రోగి తెరిచి చూసుకునే పట్టిక దేశంలో ఎక్కడా లేదు. 2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో మార్పిడికి అనుమతే లేని ఆస్పత్రిలో కిడ్నీలు మారుస్తూ పట్టుబడ్డారు. లెక్క చెప్పే అలవాటు లేని చోట అలాంటివాళ్లకు చీకటి కావలసినంత దొరుకుతుంది.

మన పట్టిక అమెరికా పట్టికకు నకలైతే పనికిరాదు. మన మార్పిడుల్లో నూటికి ఎనభైకి పైగా బతికున్న దాతలవే. భార్యలు, తల్లులే ఎక్కువ. కాబట్టి కిడ్నీ పుచ్చుకున్నాయన ఏడాది తర్వాత ఎలా ఉన్నాడన్నదే కాదు, ఇచ్చినావిడ ఐదేళ్ల తర్వాత ఎలా ఉందో కూడా కేంద్రం ఖాతాలోనే ఉండాలి. ఆమె బీపీ ఎవరు చూస్తున్నారు? క్రియాటినిన్ పరీక్షకు మళ్లీ పిలిచారా? రోగి ఇంటికెళ్లాక మందులు కొనలేక ఆపేస్తే ఆ మరణం కూడా దాచకుండా రాయాలి. ఆ సంఖ్య చూస్తేనే ఆరోగ్యశ్రీ, ఉచిత మందులు ఎంతకాలం అందాలో ప్రభుత్వానికి తెలుస్తుంది. చిన్న కేంద్రాల విషయంలో ఒక ఏడాది అంకెతో తీర్పు చెప్పకుండా మూడు నాలుగేళ్లు కలిపి చూడాలి. లేకపోతే వరంగల్‌లోనో తిరుపతిలోనో కష్టమైన కేసు తీసుకునే ధైర్యం ఎవరూ చేయరు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ జాతీయ రిజిస్ట్రీని ఏర్పరచింది. 2014 నిబంధనలు జాబితాలో ఎదురుచూసేవారి వివరాలు, పుచ్చుకున్నవారూ ఇచ్చినవారూ తర్వాత ఎలా ఉన్నారన్న వివరాలూ అందులో ఉండాలంటున్నాయి. 2025లో తెలంగాణ ఆ సవరణలను స్వీకరించింది కూడా. ఆస్పత్రులు వివరాలు పంపడంలో చేసే జాప్యాన్ని జాతీయ సంస్థ నోటో పదేపదే ప్రశ్నిస్తోంది. మొదట వివరాలు పూర్తిగా రావాలి, తర్వాత అవి బయట పెట్టాలి. రెండు జీవన్‌దాన్‌లూ తలుచుకుంటే ముందు మన రెండు రాష్ట్రాలతోనే మొదలుపెట్టవచ్చు.

అంతవరకూ పేరు రాయించడానికి వెళ్లే కుటుంబం కో-ఆర్డినేటర్ గదిలో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొహమాటపడొద్దు, ఇవి డాక్టర్ని అవమానించే ప్రశ్నలు కావు. మా బ్లడ్ గ్రూపువాళ్లు మీ దగ్గర ఎంతమంది వేచి ఉన్నారు? నిరుడు వాళ్లలో ఎంతమందికి దొరికింది, ఎంతమంది పోయారు? మీరు మార్చినవాళ్లలో ఏడాది తర్వాత ఎందరు బాగున్నారు? పెద్ద వయసు దాత కిడ్నీ వస్తే మా నాన్నకు తీసుకుంటారా? మా కోసం వచ్చిన అవయవాన్ని వద్దనుకుంటే ఆ సంగతి, ఎందుకు వద్దన్నారో, మర్నాడైనా మాకు చెప్తారా?